మినోస్ రాజుకు ఏథెన్స్ తెచ్చిపెట్టిన చెడ్డపేరు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో గ్రీకు పురాణ గాథల శీర్షిక కింద క్రీట్ ద్వీపపు రాజు మినోస్ గురించి ప్రచురించిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. కథ చెప్పిన తీరు బాగుంది. పిల్లలు కూడా మధ్యలో వదలకుండా చదువుతారు. అయితే ఆ వ్యాసం మినోస్‌ను మొదటి వాక్యం నుంచి ఏథెన్స్ పిల్లలను నరబలిగా కోరే క్రూరుడిగానే చూపించి, క్రీట్‌లోని క్నోసోస్ తవ్వకాల్లో అతని కోట బయటపడింది కాబట్టి కథంతా నిజమని తేలిపోయిందని ముగించింది. ఇందులో మొదటిది ఒక పక్షం వాళ్లు చెప్పిన మాట, రెండోది ఎవరూ రుజువు చేయని మాట. ఈ రెండింటి గురించీ కొంచెం వివరంగా రాయడానికి చోటివ్వమని కోరుతున్నాను.

అసలు విషయానికి ముందు ఒక చిన్న దిద్దుబాటు చెప్పాలి. ఎద్దు తల, మనిషి ఒళ్లు ఉన్న బొమ్మ కింద ‘మినోస్ రాజు’ అని అచ్చువేశారు. అది రాజు బొమ్మ కాదు, అతని రాణికి పుట్టిన మినోటార్ అనే వింత ప్రాణి బొమ్మ. గ్రీకులో ‘టౌరోస్’ అంటే ఎద్దు. మినోటార్ అంటే మినోస్ ఎద్దు అని అర్థం. ఆ ప్రాణికి ఆస్టెరియోస్ అని విడిగా ఒక పేరు కూడా ఉంది. మినోస్‌ను చిన్నప్పుడు పెంచి పెద్దచేసిన క్రీట్ రాజు పేరు కూడా అదే. చీకట్లో దాచిపెట్టిన ఆ వింత బిడ్డకు కూడా ఎవరో తాత పేరు పెట్టారన్న వివరం చదివినప్పుడల్లా నాకు కాస్త జాలి కలుగుతుంది.

ఇక మినోస్ స్వభావం సంగతి. గ్రీకు సాహిత్యంలో మనకు మిగిలిన అతి పాత సాక్ష్యం హోమర్ కావ్యాలే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టడం న్యాయం. ఇలియడ్‌లో క్రీట్ నుంచి 80 ఓడలతో ట్రాయ్ యుద్ధానికి వచ్చిన ఇడోమెన్యూస్, శత్రువుకు ఎదురుగా నిలబడి తన వంశం చెప్పుకుంటాడు: జ్యూస్ మినోస్‌ను కన్నాడు, క్రీట్‌కు అతన్ని కావలిగా ఉంచాడు, మినోస్ డ్యూకాలియన్‌ను కన్నాడు, డ్యూకాలియన్ తనను కన్నాడు. తాత పేరు తలవంపులు తెచ్చేదైతే యుద్ధభూమిలో ఆ పేరు అంత గర్వంగా ఎవరూ ఎత్తరు. ఒడిస్సీలో క్రీట్‌ను 90 పట్టణాల ద్వీపంగా వర్ణించిన చోట, క్నోసోస్‌లో మినోస్ ఏలాడనీ, అతడు మహాదేవుడైన జ్యూస్‌తో సంభాషించేవాడనీ ఉంది. అక్కడ ‘తొమ్మిదేళ్లు’ అన్న అర్థం వచ్చే ఒక మాట పడింది. తొమ్మిదేళ్లు ఏలాడనా, తొమ్మిదేళ్లకొకసారి దేవుడిని కలిశాడనా అన్న దానిపై ప్రాచీనులే తర్జనభర్జన పడ్డారు. రెండో అర్థాన్ని తీసుకున్నవారు, మినోస్ ప్రతి తొమ్మిదో ఏట తండ్రి జ్యూస్ ఉండే గుహలోకి వెళ్లి, చట్టాలు తెలుసుకుని తిరిగి వచ్చి ప్రజలకు చెప్పేవాడని రాశారు.

అదే కావ్యంలో ఒడిస్యూస్ చచ్చినవారి లోకానికి వెళ్లినప్పుడు, బంగారు రాజదండం చేతపట్టి కూర్చున్న మినోస్ కనిపిస్తాడు. చుట్టూ ఉన్న ప్రేతాలు అతని ముందుకు తగాదాలు తెచ్చుకుని తీర్పు అడుగుతుంటాయి. తెలుగు పాఠకులకు వెంటనే యమధర్మరాజు గుర్తుకు రావడం సహజమే కానీ, హోమర్ మినోస్ పాపాలు లెక్కపెట్టి శిక్షలు వేయడం లేదు. బతికి ఉన్నప్పుడు క్రీట్‌లో చేసిన పనినే అక్కడా చేస్తున్నాడు. పాపపుణ్యాల విచారణ తర్వాతి కాలపు చేర్పు. ప్లేటో దగ్గరికి వచ్చేసరికి మినోస్ తమ్ముడు రాడమాంతిస్ ఆసియావారికీ, ఏజినా ద్వీపపు రాజు అయాకోస్ ఐరోపావారికీ తీర్పు చెబుతారు. వాళ్లిద్దరికీ ఎటూ తేలని వ్యాజ్యాన్ని మినోస్ తేలుస్తాడు. అంటే ఆఖరి అప్పీలు అతనిదన్నమాట. చాలా శతాబ్దాల తర్వాత ఇటలీ కవి డాంటే అదే మినోస్‌కు తోక తగిలించాడు. ఆ తోకను ఎన్ని చుట్లు చుట్టుకుంటే పాపి నరకంలో అన్నో వలయానికి దిగాలి. మీ వ్యాసంలోని మినోస్ హోమర్ కంటే డాంటేకే దగ్గరగా ఉన్నాడు.

న్యాయంగా చెప్పాలంటే హోమర్ కూడా అతన్ని అంతటా మెచ్చుకోలేదు. ఒడిస్సీలో అదే సర్గలో కొంచెం ముందు అరియాడ్నీని ప్రస్తావిస్తూ ఆమె తండ్రి మినోస్‌కు ‘కీడు తలపెట్టే మనసు గలవాడు’ అన్న విశేషణం వాడాడు. గమనించవలసింది ఏమిటంటే, ఆ మాట వచ్చింది థీసియస్ కథ చెబుతున్న సందర్భంలో. థీసియస్ క్రీట్ వెళ్లి మినోటార్‌ను చంపిన ఏథెన్స్ వీరుడు. అతని పక్కన నిలబెట్టినప్పుడల్లా మినోస్ ముఖం నల్లబడుతుంది.

మినోస్ తప్పు చేయలేదని నేను వాదించడం లేదు. రాజ్యానికి తానే అర్హుడినని రుజువు చేసుకోవడానికి సముద్రం నుంచి ఒక ఎద్దును పంపమని సముద్రదేవుడు పొసైడన్‌ను ప్రార్థించాడు. దాన్ని ఆ దేవుడికే బలి ఇస్తానని మాట ఇచ్చాడు. తీరా వచ్చిన ఎద్దు అందం చూసి మందలో కలుపుకుని, మామూలు ఎద్దును బలి ఇచ్చాడు. దేవుడి కోపం మాత్రం రాజు మీద కాక రాణి పాసిఫయీ మీద పడింది. ఆమెకు ఆ ఎద్దు మీదే మోహం పుట్టడం, శిల్పి డెడలస్ చెక్కతో ఆవును చేసి ఇవ్వడం, మినోటార్ పుట్టడం మీ వ్యాసంలో ఉన్నవే. అయితే ఎద్దును దాచుకున్న సంగతిని మీరు ఒక్క ముక్కలో దాటేశారు. కథకు మూలం అక్కడే ఉంది. ఏథెన్స్ నాటకకర్త యూరిపిడీస్ క్రీట్‌వాళ్ల మీద రాసిన ఒక నాటకం ముక్కలుగా మాత్రమే మిగిలింది. అందులో పాసిఫయీ భర్త ఎదుటే నిలబడి, నువ్వు మాట తప్పావు, శిక్ష నాకు పడింది అని నిలదీస్తుంది. మినోస్‌ను తప్పుపట్టాలంటే ఆ అభియోగం దగ్గర మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఏథెన్స్ పిల్లల సంగతి అంత సూటిగా తేలేది కాదు.

ఎందుకంటే ఆ పిల్లల కథకు ముందొక హత్య ఉంది. మినోస్ కొడుకు ఆండ్రోజియస్ ఏథెన్స్ క్రీడల్లో అందరినీ ఓడించాడు. ఆ తర్వాత అతన్ని మారథాన్ దగ్గర తిరిగే భయంకరమైన ఎద్దు మీదికి పంపి చంపించారని కొందరు, దారికాచి చంపారని కొందరు చెప్పారు. ఎలా చెప్పినా కుర్రాడు చనిపోయింది ఏథెన్స్ నేల మీదే. కొడుకును పోగొట్టుకున్న తండ్రి యుద్ధానికి వచ్చాడు, కరువు తెగుళ్లతో నగరం లొంగిపోయింది, ఏడుగురు అబ్బాయిలను, ఏడుగురు అమ్మాయిలను కప్పంగా పంపే ఒప్పందం కుదిరింది. మీరు ఏటా పంపేవారని రాశారు. ఏటా అన్న కథా ఉంది, తొమ్మిదేళ్లకొకసారి అన్న కథా ఉంది. ఆ పద్నాలుగు మందినీ మినోటార్ తినేసేదన్న మాటను ప్రాచీన గ్రీకులే అందరూ నమ్మలేదు. వీరుల జీవితచరిత్రలు రాసిన ప్లూటార్క్ ఉదహరించిన ఫిలోకోరస్ అనే చరిత్రకారుడు క్రీట్‌వాళ్ల వాదనను భద్రపరిచాడు. దాని ప్రకారం, మినోటార్‌ను ఉంచారని చెప్పే లాబిరింత్ అనే చిక్కుదారుల కట్టడం తప్పించుకోలేని ఒక చెరసాల మాత్రమే. ఆండ్రోజియస్ జ్ఞాపకార్థం జరిపే పోటీల్లో గెలిచినవారికి ఆ పిల్లలను బహుమతిగా ఇచ్చేవారు. ‘టౌరోస్’ అన్నది మినోస్ దగ్గరున్న ఒక దురుసు సేనాపతి పేరు. బానిసత్వమూ ఘోరమే, కాదనను. కానీ నరమాంస భక్షణ వేరు, అది వేరు.

మరి ఈ చెడ్డపేరు అంతగా ఎలా పాకింది? దీనికి ప్లూటార్క్ చెప్పిన కారణం నాకు సరిగా తోస్తుంది. భాష, సాహిత్యం బలంగా ఉన్న నగరంతో వైరం పెట్టుకోవడం ప్రమాదమని, ఏథెన్స్ రంగస్థలం మీద మినోస్‌ను ఎడతెగకుండా తిట్టిపోశారని, ప్రాచీన కవి హీసియడ్ అతన్ని రాజుల్లో మేటి రాజు అన్నా, హోమర్ జ్యూస్‌కు ఆంతరంగికుడన్నా ఆ పొగడ్తలు అతన్ని కాపాడలేకపోయాయని ఆయన భావం. ప్లేటో పేరు మీద చెలామణి అయిన ‘మినోస్’ అనే చిన్న సంవాదంలో సోక్రటీస్ కూడా దాదాపు ఇదే మాట చెబుతాడు. పేరు ప్రతిష్ఠలు కోరుకునేవాడు కవులతో మాత్రం తగువు పెట్టుకోకూడదని సరదాగా హెచ్చరిస్తాడు కూడా. ఏథెన్స్ విషాద నాటకాలు మిగిలాయి, క్రీట్‌వాళ్ల నాటకాలు మిగలలేదు.

దీనికి రాజకీయం కూడా తోడైంది. క్రీ.పూ. 478లో పర్షియన్లను ఎదిరించడానికని ఏథెన్స్ నాయకత్వంలో డెలోస్ కూటమి ఏర్పడింది. చూస్తుండగానే ద్వీపాల మిత్రులు కప్పం కట్టే సామంతులయ్యారు, క్రీ.పూ. 454లో ఖజానా డెలోస్ నుంచి ఏథెన్స్‌కు చేరింది. సరిగ్గా ఆ కాలంలోనే థీసియస్‌ను ఏథెన్స్ తన ఆదిపురుషుడిగా తలకెత్తుకుంది. బాకిలిడీస్ అనే కవి గేయం ఒకటి ఆ రోజుల వాసన చూపిస్తుంది: ఓడ మీద ఒక ఏథెన్స్ అమ్మాయిని మినోస్ తాకబోతే థీసియస్ అడ్డుపడతాడు, మినోస్ సముద్రంలోకి విసిరిన ఉంగరం కోసం దూకి, సముద్రదేవత ఇచ్చిన వస్త్రంతో, దండతో తడవకుండా పైకి వస్తాడు. తాను ద్వీపాల చేత కప్పం కట్టించుకుంటున్న నగరం, ఒకప్పుడు ఒక ద్వీపపు రాజు తన చేత కప్పం కట్టించుకున్నాడని నాటకాలాడి కన్నీళ్లు పెట్టుకోవడం విడ్డూరంగా ఉంటుంది. ఇది నా వ్యాఖ్య మాత్రమే; కానీ తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఈ అనుమానం రాకపోదు.

ఇంతకంటే విడ్డూరం సోక్రటీస్ విషయంలో జరిగింది. థీసియస్ ఆ పద్నాలుగు మందిని తీసుకుని క్రీట్ వెళ్లిన ఓడ ఇదేనంటూ ఏథెన్స్‌వాళ్లు ఒక ఓడను కాపాడుకుంటూ వచ్చారు. పిల్లలు బతికి బయటపడ్డందుకు మొక్కు తీర్చుకోవడానికి దాన్ని ఏటా డెలోస్‌లోని అపోలో సన్నిధికి పంపేవారు. ఓడ వెనక భాగానికి పూలదండ వేసిన క్షణం నుంచి అది తిరిగి వచ్చేదాకా నగరంలో ఎవరికీ మరణశిక్ష అమలు చేయకూడదు. క్రీ.పూ. 399లో సోక్రటీస్ విచారణ ఆ దండ వేసిన మర్నాడు జరిగింది. అందువల్ల శిక్ష పడ్డాక కూడా ఆయన దాదాపు నెల రోజులు జైలులో బతికి ఉన్నాడు. మినోస్ బారి నుంచి తప్పించుకున్నందుకు చేసే మొక్కు ఆయన ఆయువును ఆ కాస్త పొడిగించింది. ఆ సోక్రటీసే తీర్పు విన్న తర్వాత న్యాయస్థానంలో మాట్లాడుతూ, ఇక్కడి న్యాయమూర్తులమని చెప్పుకునేవారిని వదిలించుకుని పరలోకంలోని నిజమైన న్యాయమూర్తులను చూడబోతున్నానన్నాడు. వారి పేర్లు చెబుతూ మొట్టమొదట పలికిన పేరు మినోస్. ఏథెన్స్ పౌరుడు ఏథెన్స్ కోర్టులో నిలబడి, మీ కంటే మినోస్ నయమని చెప్పినట్టే. మీ వ్యాసంలో ఈ ఒక్క సంఘటనకు చోటిచ్చి ఉంటే నేను ఈ లేఖ రాసేవాణ్నే కాదేమో.

న్యాయమూర్తి అన్న ఆ పేరు గాలిలోంచి రాలేదు. క్రీట్ ద్వీపం చట్టాలకు ప్రసిద్ధి. డ్రెరోస్ అనే చోట దొరికిన శాసనం సుమారు క్రీ.పూ. 650 నాటిది, గ్రీకులు రాతి మీద చెక్కిన చట్టాల్లో మనకు మిగిలిన అతి పాతవాటిలో అదొకటి. కోస్మోస్ అనే అధికార పదవి ఒకసారి చేసినవాడు పదేళ్ల దాకా మళ్లీ ఆ పదవికి రాకూడదని అందులో ఉంది. గోర్టిన్‌లో 1884లో బయటపడ్డ శాసనం క్రీ.పూ. 5వ శతాబ్దపుది, పన్నెండు నిలువు వరుసల్లో సుమారు 600 పంక్తుల్లో వారసత్వం, విడాకులు, దత్తత, బానిసల వివాహాల దాకా నియమాలు చెక్కారు. ఒక పంక్తి కుడి నుంచి ఎడమకు, తర్వాతది ఎడమ నుంచి కుడికి, పొలంలో నాగలి సాలు తిరిగినట్టు నడుస్తుంది. వీటిలో ఏదీ మినోస్ రాసింది కాదు, అవి చారిత్రక కాలపు పట్టణాల చట్టాలు. కానీ చట్టమంటే ఇంత పట్టింపు ఉన్న సీమ తన తొలి శాసనకర్తగా ఒక ప్రాచీన రాజును తలచుకోవడంలో ఆశ్చర్యం లేదు. ప్లేటో తన చివరి గ్రంథమైన ‘చట్టాలు’లో ముగ్గురు ముసలివాళ్లను క్నోసోస్ నుంచి జ్యూస్ గుహ దాకా నడిపిస్తూ సంభాషణ చెప్పించాడు, మినోస్ నడిచాడని చెప్పుకునే దారి అదే. తన కాలంలో కూడా క్రీట్‌లోని పరాధీన రైతులు మినోస్ చట్టాలనే పాటిస్తున్నారని అరిస్టాటిల్ రాశాడు.

సముద్రం మీద అధికారం గురించి క్లుప్తంగా చెబుతాను. గ్రీకులకు తెలిసినంతలో మొట్టమొదట నౌకాబలం కూడగట్టుకున్నది మినోసేనని, అతడు సైక్లడీస్ ద్వీపాల నుంచి కారియన్లను వెళ్లగొట్టి, తన కొడుకులను పాలకులుగా నియమించి, ఆదాయం సక్రమంగా వచ్చేలా ఓడదొంగలను అణచాడని చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. మరో చరిత్రకారుడు హెరొడోటస్ మాత్రం ఒక మెలిక పెట్టాడు. సముద్రాధిపత్యం కోరిన మొదటివాడు సామోస్ పాలకుడు పాలిక్రటీస్ అని చెబుతూ, మినోస్‌ను, అంతకు ముందువారిని ఆ లెక్కలోంచి పక్కన పెట్టి, మానవ తరం అని చెప్పదగిన కాలంలో పాలిక్రటీసే మొదటివాడన్నాడు. పురాణానికీ చరిత్రకూ మధ్య గీత గీయాలన్న ఎరుక క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే ఒక రచయితకు ఉంది.

ఆ గీత మీ వ్యాసం చివరి పేరాలో చెరిగిపోయింది. క్నోసోస్‌ను మొదట తవ్వింది ఇంగ్లీషు పురావస్తు పరిశోధకుడు సర్ ఆర్థర్ ఎవాన్స్ కాదు. హెరాక్లియన్ వర్తకుడొకాయన 1878లో అక్కడ తవ్వించి పెద్ద పెద్ద కాగులున్న గిడ్డంగి గదులను బయటపెట్టాడు. ఆయన పేరు మినోస్ కలోకైరినోస్. కాకతాళీయమే అయినా మినోస్ కోటను వెతికిన తొలి మనిషి పేరు కూడా మినోసే. ఎవాన్స్ 1900 మార్చిలో తవ్వకం మొదలుపెట్టి ఒక మహా ప్రాసాదాన్ని వెలికితీశాడు. హోమర్‌నూ థుసిడిడీస్‌నూ చదువుకుని వచ్చినవాడు కాబట్టి దానికి మినోస్ ప్రాసాదమని, ఆ నాగరికతకు మినోవన్ నాగరికత అని పేరు స్థిరపరిచాడు. ఆ ప్రజలు తమను తాము ఏమని పిలుచుకున్నారో ఇప్పటికీ తెలియదు. ఈజిప్టు రాతల్లో వాళ్ల సీమకు కెఫ్తియు అని పేరు. ఈ రోజు అక్కడికి వెళ్లినవారు చూసే ఎర్రటి స్తంభాలు, పై అంతస్తులు చాలావరకు ఎవాన్స్ కాంక్రీటుతో కట్టించినవి. గోడల మీద ఎద్దు కొమ్ముల మీదుగా దూకే యువతీయువకుల చిత్రాలు చూస్తే మినోటార్ కథ గుర్తుకు రాక తప్పదు, కానీ గుర్తుకు రావడం రుజువు కాదు. 2025లో క్నోసోస్‌తో పాటు మరో ఐదు ప్రాసాద కేంద్రాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఆ గౌరవం కంచు యుగపు నాగరికతకు దక్కింది, పురాణంలోని రాజుకు కాదు.

లిపుల సంగతి కూడా అంతే. అక్కడి పాత లిపి లీనియర్ ఎ ఇంకా ఎవరికీ అంతుపట్టలేదు. దాని తర్వాతి లిపి లీనియర్ బి రహస్యాన్ని మైకేల్ వెంట్రిస్ 1952లో ఛేదించినప్పుడు అది గ్రీకు భాషే అని తేలింది. క్నోసోస్ పలకల్లో గొర్రెల లెక్కలు, ఉన్ని లెక్కలు, నూనె లెక్కలు ఉన్నాయి తప్ప మినోస్ అనే రాజును గురించిన ముచ్చట లేదు. ఒక పలక మాత్రం నన్ను వదలదు. అందులో దేవతలందరికీ కలిపి ఒక జాడీ తేనె, మరొక దేవేరికి ఒక జాడీ తేనె అని లెక్క రాసి ఉంది. ఆ రెండో పేరును పండితులు చాలామంది ‘లాబిరింత్ దేవేరి’ అని చదువుతారు. దేవతలందరికీ ఎంతో ఆమె ఒక్కదానికీ అంతే. లాబిరింత్ అన్న మాట రాతలో కనబడే ఆ తొలి చోట రాక్షసుడు లేడు, పిల్లల ఏడుపు లేదు. తర్వాత వెయ్యేళ్లకు క్నోసోస్ పౌరులు తమ వెండి నాణేల మీద లాబిరింత్ గుర్తునే ముద్రించుకున్నారు. ఏథెన్స్ భయపెట్టడానికి చెప్పిన కట్టడం వాళ్లకు ఊరి చిహ్నమైంది.

కాబట్టి బొమ్మ కింది పేరును సవరిస్తూ, తవ్వకాల గురించి రాసిన చివరి వాక్యాన్ని కూడా సవరించమని మనవి చేస్తున్నాను. వచ్చే వారం డెడలస్ కథ వేస్తామని ప్రకటించారు. సాధారణంగా ఆ కథను అతని కొడుకు ఇకారస్ సముద్రంలో పడిపోవడంతో ఆపేస్తారు. దయచేసి అక్కడ ఆపవద్దు. పారిపోయిన డెడలస్‌ను వెతుకుతూ మినోస్ ఒక మెలికల శంఖంలోంచి దారం దూర్చగలవారికి బహుమతి ఇస్తానని ఊరూరా చాటాడు. సిసిలీలోని కామికస్ రాజు కోకలస్ దాన్ని డెడలస్‌కు ఇవ్వగా, అతను చీమకు దారం కట్టి దూర్పించాడు. ఆ తెలివి ఎవరిదో మినోస్ పోల్చేశాడు. అతిథిగా దిగిన రాజును కోకలస్ కూతుళ్లు స్నానాల గదిలో మరిగే నీళ్లతో చంపారు. ప్రతీకారానికి వెళ్లిన క్రీట్‌వాళ్లు ఐదేళ్లు ముట్టడించి కూడా కామికస్‌ను పట్టుకోలేకపోయారని హెరొడోటస్ రాశాడు. మినోస్‌ను అక్కడే రహస్యంగా పాతిపెట్టి పైన ఆఫ్రోడైటి గుడి కట్టారని, థెరాన్ అనే ప్రభువు సిసిలీలోని అక్రగాస్ నగరాన్ని ఏలే కాలంలో ఆ సమాధిని విప్పి ఎముకలను క్రీట్‌వాళ్లకు తిరిగి అప్పగించారని చరిత్రకారుడు డియొడోరస్ చెబుతాడు. థెరాన్ ఏలింది క్రీ.పూ. 5వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో. ఏథెన్స్ సేనాని కీమోన్ స్కైరోస్ ద్వీపంలో ఒక పెద్ద అస్థిపంజరాన్ని తవ్వి తీసి, ఇది థీసియస్‌దేనంటూ మేళతాళాలతో ఇంటికి తెచ్చింది కూడా ఆ తరంలోనే. ఈ రెండు అస్థికల కథలనూ మీరు ఒకే పేజీలో, పక్కపక్కన అచ్చువేస్తే చదవాలని ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు